ఎదురింటి కొండ కాఫీ

మొన్న మంగళవారం పొద్దున ఎదురింటి వదినగారు పోయారు. ఆ కబురు నాకు చెప్పింది మా ఆయన. గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటున్న నన్ను చూసి, రోడ్డుకు అటువైపు నుంచే, "అక్కయ్య వెళ్ళిపోయిందే" అన్నారు. వెంటనే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ చచ్చినవాళ్ళ గురించి రాసేటప్పుడు అబద్ధం ఆడకూడదు కదా. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఈ కబురు కూడా నాకంటే ముందు ఈయనకే తెలిసిందా అని. ఏడుపు ఆ తర్వాత సంగతి. గేటు పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఎనభైల మధ్యలో మద్రాసు వదిలి మేం ఫిల్మ్‌నగర్‌లో అద్దెకు దిగేనాటికి మా వీధిలో ఉన్నవి నాలుగిళ్ళు, మిగతాదంతా బండరాళ్ళు. కూరగాయలకు యూసుఫ్‌గూడ పోవాలి, నీళ్ళకు ట్యాంకరు రావాలి. ఆవిడ భర్త ప్రొడక్షన్ మేనేజరు. నెలలో ఇరవై రోజులు యూనిట్‌తో పాటు ఔట్‌డోర్లోనే. మా ఆయన సినిమాలకు మాటలు రాస్తారు. దిగిన వారానికే ఈయన ఆవిడను "అక్కయ్యా" అన్నారు. అంటే నాకు వదిన. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. అత్తవారింట ఒక్క ఆడబిడ్డయినా లేదని మా అమ్మ ఎంతో సంబరపడి నాకీ సంబంధం చేసింది. నేనేమో హైదరాబాదు వచ్చి మరీ ఒకావిడను సంపాదించుకున్నాను.

ఆ రోజుల్లో కథా చర్చలు ఇళ్ళల్లోనే జరిగేవి. హాల్లో పరుపులు వేసి గోడకు దిండ్లు ఆనిస్తే, డైరెక్టరుగారు, నిర్మాతగారు, ఇద్దరు అసిస్టెంట్లు, మా ఆయన పొద్దున పదికి కూర్చుని భోజనాల వేళ దాకా లేచేవారు కాదు. ఎవరింట్లో కూర్చోవాలన్నది ఎవరూ పైకి అనరు గానీ, కాఫీ ఎక్కడ బాగుంటే అక్కడే కూర్చుంటారు. నా కాఫీకి మద్రాసులో పేరుంది. ఇత్తడి ఫిల్టరు, నల్లటి డికాక్షను, గ్లాసు అంచు దాకా నురగ. దాని చలవ వల్లనే మా ఇల్లు కథల ఇల్లయిందని నా నమ్మకం.

ఒకరోజు ట్యాంకరు రాలేదు. డ్రైవరు నడుచుకుంటూ వచ్చి చెప్పాడు. "అమ్మా, గాడ బండలు పేలుస్తున్రు. తొవ్వ నిండ రాళ్ళు పడ్డయి, బండి ఎక్కుతలేదు. జర సాయంత్రం దాక ఓపిక పట్టుండ్రి." బిందెలో చుక్క లేదు, హాల్లో ఐదుగురు మగాళ్ళు. నేను వాకిట్లో తలపట్టుకుని నిలబడితే ఎదురింటి వదినగారు చూశారు. పావుగంటలో పెద్ద ఫ్లాస్కు, గ్లాసులు పట్టుకుని ఆవిడే వచ్చారు.

డైరెక్టరుగారు అప్పుడు చివరి రీలు గొప్పగా చెబుతున్నారు. ఒక గుక్క తాగి, కథ ఆపేశారు. గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, "ఇదేం కాఫీ అమ్మా?" అన్నారు. ఆవిడ పక్కనే లేకపోతే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. "ఎదురింటి వదినగారు తెచ్చారండీ" అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

ఫ్లాస్కులో అడుగున మిగిలింది వంటింట్లో దొంగచాటుగా తాగాను. పల్చగా ఉంది. రంగులో నా కాఫీ ముందు దిగదుడుపే. చేదు ఉంది గానీ నాలుక మీద పేరుకోలేదు. మింగాక కాస్త పుల్లగా, పండేదో తిన్నట్టు ఉండి, వెనకాల బెల్లం పాకం వాసన లాంటిది వచ్చింది. గ్లాసు కడిగి బోర్లించాక కూడా అది నోట్లోనే ఉంది. నాకు బాగా నచ్చింది. నచ్చినందుకే ఒళ్ళు మండింది.

తర్వాత నెల తిరక్కుండానే పరుపులు మా హాల్లోంచి ఎదురింటి వరండాలోకి మారాయి. గాలి బాగుంటుందన్నారు. గాలికి వెళ్ళారని నమ్మేంత పిచ్చిదాన్ని కాదు. అయినా పరుపులు పోయినందుకు నేనంత ఏడవలేదు. నా ఏడుపు వేరే ఉంది. మద్రాసులో ఉన్నప్పటి నుంచీ మా ఆయన ఏ సీను రాసినా మొదట నాకే చదివి వినిపించేవారు. నేను బెండకాయలు తరుగుతూ "ఆ మాట తీసెయ్యండి, ఏ తల్లీ కొడుకుతో అలా అనదు" అంటే తీసేసేవారు. సినిమా హాల్లో జనం చప్పట్లు కొట్టిన మాటల్లో రెండు నావి. ఎవరికీ తెలియదు. తెలియక్కర్లేదనే అనుకునేదాన్ని, ఆ మొదటి చదువు నాదైనన్నాళ్ళూ.

ఒకరోజు డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ చూశాను. వరండాలో వాళ్ళిద్దరే ఉన్నారు. ఈయన కాగితం పట్టుకుని చదువుతున్నారు. ఆవిడ ఒళ్ళో చాట పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాఫీ గింజలు ఏరుతున్నారు. తల ఎత్తడం లేదు, ఊఁ కొట్టడం లేదు. ఒకచోట ఆవిడ చెయ్యి ఆగింది. ఈయన కూడా ఆగి, జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశారు. ఆవిడ చెయ్యి మళ్ళీ కదిలింది.

ఆ పూట అన్నం పెడుతూ అడిగాను. "ఆవిడేమైనా పెద్ద చదువు చదివారా, సీన్లు దిద్దడానికి?"

"ఆవిడ ఏమీ చెప్పదే. చెయ్యి ఆగుతుంది, అంతే. నాకు తెలిసిపోతుంది. అక్కడ కూర్చుంటే సీను కదులుతుంది."

"నేను చెబితే కదలదా?"

"నువ్వు చెబితే సీను నీదైపోతుంది" అన్నారు నవ్వుతూ, పెరుగు కలుపుకుంటూ. ఆయనకది వేళాకోళం. నేను పెరుగు గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నిశ్చయించుకున్నాను. ఆ కాఫీ గుట్టు తెలుసుకోవాలి, నా ఇంట్లో కాయాలి, పరుపులూ కాగితాలూ రెండూ వెనక్కి రావాలి. ముందు మద్రాసులో మా పిన్నికి ఉత్తరం రాసి, పీబెర్రీ అనే ఖరీదైన ఒంటిగింజ కాఫీ పొడి తెప్పించాను. ఉపయోగం లేకపోయింది. ఇక సిగ్గు విడిచి ఎదురింటి మెట్లెక్కాను.

"ఏటమ్మా, అక్కడే నిలబడిపోయావు? రా, కూర్చో" అన్నారు వదినగారు. ఆవిడది విశాఖ వైపు. అడిగీ అడగకముందే అంతా చెప్పేశారు. అంత తేలిగ్గా చెప్పేసరికి నాకు మరీ అనుమానం వచ్చింది. వంట రహస్యం అడిగితే అన్నీ చెప్పి ఒకటి దాచుకోని ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు మరి. నన్నూ కలుపుకునే అంటున్నాను.

ఆవిడ అన్నగారు అరకు దాటి ఇంకా పైన, కొండ మీద బడిలో పంతులు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా కాఫీ చెట్లున్నాయి, వాటి మీద పెద్ద చెట్ల నీడ, ఆ పెద్ద చెట్లకు మిరియాల తీగలు.

"కింద ఎండలో అయితే కాయ గబగబా ఎర్రబడిపోద్ది" అన్నారు ఆవిడ. "కొండ మీద చలి, మంచు, పైన నీడ. దానికి తొందరేటి? పూసింది మొదలు పండేదాకా తొమ్మిది నెలలు, కడుపుతో ఉన్న మనిషిలాగ. అంత నెమ్మదిగా పండితేనే గింజ గట్టిగా ఉంటాది, రుచి లోపలికి దిగుతాది. పైగా కొమ్మకున్న కాయలన్నీ ఒక్కసారే పండవు. ఎర్రవి మాత్రమే కొయ్యాల. వారం పోయాక మళ్ళీ అదే చెట్టు దగ్గరికెళ్ళాల. తొందరున్నోళ్ళు పచ్చివీ పండువీ కలిపి కొమ్మంతా దూసేస్తారు. మనం బజార్లో కొనేది అదే."

"మరి ఇంత మంచిది షాపుల్లో ఎందుకు దొరకదండీ?"

"దొరికితే నువ్వు నా మెట్లెక్కేదానివేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నవ్వేసి, మంచి సరుకంతా సర్కారు పట్టుకెళ్ళి ఓడ ఎక్కిస్తుందనీ, ఊళ్ళోవాళ్ళు ఇంటికోసం నాలుగు చెట్లవి ఉంచుకుంటారనీ, పిల్లలకు చదువు చెబుతున్నాడని అందులోంచి పంతులుగారికి కొంత పెడతారనీ, అందులోంచి చెల్లెలికి ఇంత వస్తుందనీ చెప్పారు. అరకులో పాటలు తీయడానికి వెళ్ళిన యూనిట్ వ్యానుల్లో, లైట్ల పెట్టెల మధ్య ఆ సంచి ఇక్కడికి వచ్చేది. ఏడాదికి రెండుసార్లు, సగం సంచి. ఆ సగం సంచిని ఆవిడ మళ్ళీ గింజ గింజా ఏరేవారు. నల్లబడినది, పురుగు తొలిచినది, విరిగినది, ముడుచుకున్నది పక్కకు. "చెడ్డ గింజ ఒక్కటి చాలు. మంచివి నూరున్నా దాన్ని దాచలేవు" అనేవారు. వారానికి రెండుసార్లు ఇనుప మూకుట్లో, దగ్గరే నిలబడి వేయించేవారు. వేయించిన రోజున పొడి కొట్టనిచ్చేవారు కాదు. ఒక రోజు ఊపిరి పీల్చుకోవాలట గింజలు. ఇంకో అలవాటు, ఎంతటివాడు అడిగినా రెండో గ్లాసు ఇవ్వకపోవడం. ఒక పెద్ద హీరోగారి మేనేజరు అడిగితే "మొదటిది సరిగ్గా తాగలేదా బాబూ?" అన్నారట.

అడక్కుండానే నాకు రెండు డబ్బాల గింజలు ఇచ్చారు, ఏరి, వేయించి. నేను ఇంటికొచ్చి కాచాను. అందరినీ మా హాలుకు పిలిచాను. తాగారు. "బాగుందమ్మా" అన్నారు డైరెక్టరుగారు, పెళ్ళిచూపుల్లో ఉప్మా గురించి అన్నట్టు. మర్నాడు అందరూ మళ్ళీ వరండాకే.

నా అనుమానం అప్పటికి రూఢి అయిపోయింది. ఏరి పక్కన పెట్టినవి వేయించి నాకు పోసిందీవిడ. ఆ కోపంలో గేటు దగ్గరే పట్టుకున్నాను. కూరల బండివాడు, నిర్మాతగారి డ్రైవరు ఇద్దరూ చూస్తుండగా, "ఏరి పారేసినవి నాకిచ్చారు కదండీ! ఇవ్వనని చెప్పేస్తే నేనే మానుకునేదాన్నిగా" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

ఆవిడ మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "రేపొద్దున వస్తాను. నీళ్ళు కాచి ఉంచు" అన్నారు.

వచ్చారు. నా డబ్బాలోని గింజలే, నా ఫిల్టరే, నా పాలే. వంటింటి గూట్లో చెయ్యి పెట్టి, పొడి డబ్బా పక్కనున్న చిన్న డబ్బా తీసి, మూత తెరిచి వాసన చూశారు. అది చికోరీ, డికాక్షను చిక్కగా నల్లగా దిగడానికి కాఫీలో కలిపే వేరు పొడి.

"ఎంత వేశావు?"

"వేయలేదండీ."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూశారు. డబ్బా నా చేతికిచ్చి "అటక మీద పెట్టు" అన్నారు, అంతే.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మూడో వంతు వేశాను. చికోరీ లేని డికాక్షను నా కంటికి కుడితి నీళ్ళలా కనిపించింది. ఐదుగురు మగాళ్ళ ముందు అంత పల్చటి కాఫీ పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మద్రాసులో పెరిగిన చెయ్యి అది. తొమ్మిది నెలలు కొండ మీద చలిలో పండి, ఎర్రవే ఏరి కోసి, మళ్ళీ చాటలో ఏరి, వేయించి, ఇంతదూరం వచ్చిన గింజ నోట్లో నేను మట్టి కొట్టాను. పైగా గుట్టు దాచిందని ఆవిడను అన్నాను. దాచింది నేను.

ఆ పొద్దున ఆవిడ కాచిన కాఫీ నేనే తీసుకెళ్ళి మా ఆయనకు ఇచ్చాను. ఒక గుక్క తాగి, తల ఎత్తకుండానే, "అక్కయ్య వచ్చిందా?" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకున్నాను.

చికోరీ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేను వీధిలో అరిచిన సంగతి మాత్రం డ్రైవరు ధర్మమా అని కృష్ణానగర్ దాకా పాకింది. మా ఆయన చెవిన కూడా పడింది. "నేనే సరిగ్గా ఏరలేదు, తప్పు నాదే" అని ఈయనకు చెప్పారట వదినగారు. అది విన్నాక నాకు తిక్క ఇంకా పెరిగింది. మనిషి ఎదురు తిట్టి పోస్తే రుణం తీరిపోతుంది. ఇలాంటివాళ్ళతో ఎలా వేగడం?

కోపంగానే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. చాటలో సగం నా వైపు తోశారు. అలా మొదలైంది. తర్వాత పదేళ్ళ పైన, మధ్యాహ్నాలు ఇద్దరం గింజలు ఏరేవాళ్ళం. నా కాఫీ బాగుపడింది. వారంలో సగం రోజులు పరుపులు మా హాలుకు తిరిగొచ్చాయి. కాగితాలు మాత్రం రాలేదు. ఈయన ఏ సీను రాసినా మొదట రోడ్డు దాటేవారు. నేను ఆ చాట దగ్గరే కూర్చుని ఉన్నా సరే, కాగితం ఆవిడ వైపు తిప్పి చదివేవారు. నేను కావాలని చెయ్యి ఆపేదాన్ని. ఆయన చూసేవారు కాదు.

ఒకసారి సంచి జనరేటర్ వ్యానులో వచ్చింది. డీజిల్ వాసన పట్టేసింది. పచ్చి గింజ ఏ వాసన దగ్గరుంటే ఆ వాసన పీల్చుకుంటుంది. వదినగారు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, సంచి మొత్తం పెరట్లో గులాబీ మొక్కల మొదట్లో పోయించారు. ఆర్నెల్లు కాఫీ లేదు. నేనైతే ఇంత చికోరీ వేసి నెట్టుకొచ్చేదాన్నని మనసులో అనుకున్నాను. పారబోయగల ఆ చేతిని చూసి కూడా నాకు అసూయే.

ఆర్నెల్లూ ఆవిడ మా ఇంటికొచ్చి టీ తాగారు. వంక పెట్టలేదు. ఒక మధ్యాహ్నం నేనే ఉండబట్టలేక అనేశాను. "వదినగారూ, మిమ్మల్ని చూస్తే నాకు కడుపుమంట. ఇన్నేళ్ళుగా."

"తెలుసు" అన్నారు టీ ఊదుకుంటూ.

"ఎప్పటినుంచి?"

"చికోరీ డబ్బా చూసినప్పటినుంచి. నీ మొగుడు నిన్ను ఇడిచిపెట్టి నాకు చదువుతున్నాడనే కదా? నీకు చదివితే నువ్వు నాలుగు మంచి మాటలు చెప్తావు. అతనికి మంచి మాటలు వద్దమ్మా, తన మాట ఎక్కడ చెడిందో తెలిస్తే చాలు. నాకు చెప్పడం రాదు కాబట్టి సరిపోయింది."

"నాకు చెప్పడం వచ్చు కాబట్టి నష్టపోయాను" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మంట చల్లారలేదు.

చల్లారకపోయినా, నేనూ ఆవిడకు అన్నీ చెప్పుకోవడం మొదలుపెట్టాను. మా ఆయనకు చెప్పనివి, మా అమ్మకు రాయనివి. చెబుతుంటే ఎక్కడో గింజల మధ్య ఆవిడ వేలు ఆగేది. అక్కడ నేను కోసింది కోతలేనని నాకే తెలిసేది. సర్దుకుని మళ్ళీ నిజం చెప్పేదాన్ని.

ఈ మధ్య కథా చర్చలన్నీ బంజారాహిల్స్ హోటల్ గదుల్లోకి వెళ్ళిపోయాయి. మా ఆయనకు సినిమాలు తగ్గాయి. అయినా ఏదో ఒకటి రాసుకుని రోడ్డు దాటుతూనే ఉన్నారు. గుండె జబ్బు వచ్చాక వదినగారికి చాట ఒళ్ళో పెట్టుకునే ఓపిక పోయింది. పోయిన నెలలో నేను ఏరుతుంటే పక్కన పడుకుని చూశారు. నేను పక్కకు పెట్టిన గింజ ఒకటి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని, "ఇది మంచిదే. నీకు అనుమానం ఎక్కువ" అని మళ్ళీ చాటలో వేశారు. ఆవిడ నాతో వేళాకోళం ఆడింది అదే ఆఖరు.

ఆదివారం సంతాప సభకు ఏదైనా రాసివ్వమని కాలనీవాళ్ళు మా ఆయన్ని అడిగారు. రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నారు. "నావల్ల కాదే. నేను రాస్తే అందులో అక్కయ్య ఉండదు, నేనే ఉంటాను. నువ్వు రాయి. నువ్వు ఆవిడతో పోట్లాడావు, నీకే బాగా తెలుసు" అన్నారు. ముప్ఫై ఏళ్ళ సంసారంలో నన్ను రాయమనడం ఇదే మొదలు.

ఇక్కడిదాకా రాసేసరికి ఇవాళ పొద్దున పదయింది. కాగితాలు సర్దుతుంటే మా ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఏదీ, చదువు" అన్నారు. "ఉండండి, ఇప్పుడే వస్తాను" అన్నాను. చెప్పులు వేసుకున్నాను. ఎదురింటి మెట్ల మీదికి వచ్చాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. వరండాలో వదినగారి భర్త ఒక్కరే పేపరు చూస్తున్నారు.

"ఏమ్మా, ఏమైనా కావాలా?"

"ఏం లేదన్నయ్యగారూ" అన్నాను. కాగితాలు పమిట కిందికి లాక్కున్నాను.

వెనక్కి తిరిగితే, రోడ్డుకు అటువైపు మా గేటు పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. నన్నూ, ఆ వరండానూ, నా చేతిలో కాగితాలనూ చూస్తున్నారు. ఆ చూపేమిటో నన్నడగండి. పన్నెండేళ్ళు అదే గేటు దగ్గర నిలబడి నేను చూసిన చూపది.